అరిగిన వేళ్లు

షోలాపూర్ తూర్పు పేటల్లో పొద్దున్నే మరమగ్గాలు మొదలవుతాయి. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలీల వాడలవి. మగవాళ్లు చద్దర్లు, తువ్వాళ్లు నేశారు. ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టారు.

ఆ తరం ఇప్పుడు ముసలిదైంది. ఈపీఎఫ్ పింఛను ఉన్నవాళ్లు ఏటా బతికున్నామని రుజువు చూపాలి. 2014 నవంబరులో అందుకోసం జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చింది. యంత్రం మీద వేలు పెడితే చాలన్నారు. కానీ ఏళ్ల తరబడి తునికాకు మడిచిన వేళ్ల మీద గీతలెక్కడివి? "ఇంకో వేలు పెట్టు అవ్వా" అంటాడు యంత్రం దగ్గరి కుర్రాడు. పదీ అయిపోతాయి. బీడీలు చుట్టి సంపాదించిన పింఛను, ఆ చుట్టిన చేతుల వల్లే ఆగిపోవడం ఎంత విడ్డూరం! అదీ ఎంతని? కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు.

ఇప్పుడు ఫోను కెమెరాకు ముఖం చూపినా సరిపోతుంది. మేలే. అయితే ఆ ఫోను మనవడిది, వాడేమో పనికి పోయాడు. మగ్గాల హోరులో చెవులు మందగించిన తాతకు ముఖం ఎలా చూపాలో ఫోన్లో ఎవరేం చెప్పినా సగమే వినిపిస్తుంది. అదే ఫోన్లో సిరిసిల్ల చెల్లెలు కనబడితే మాత్రం ఆయనకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు!

అన్నట్టు, ఈపీఎఫ్ పింఛనుదారులు ఏదో ఒక నెల కోసం ఆగక్కర్లేదు. ఏ నెలలో ఇచ్చినా ఆ రుజువు ఏడాది చెల్లుతుంది. మనవడికి సెలవున్న రోజు చూసుకోండి.