హంస పాలూ నీళ్లూ వేరు చేయదు. అయితే ఏంటి?

సరస్వతీ అమ్మవారి వాహనం మీద చేసిన వీడియో చూసి మా తమ్ముడు ఫోన్ చేశాడు. గచ్చిబౌలిలో కోడింగ్ చేస్తాడు, ప్రతిదానికీ ప్రూఫ్ కావాలంటాడు. "అన్నా, హంస నిజంగా పాలనీ నీళ్లనీ వేరు చేస్తుందా? చేయకపోతే ఇన్నాళ్లూ మనకి చెప్పింది అబద్ధమేనా?" అన్నాడు. మంచి ప్రశ్నే. వీడియోలో ఇమడని సంగతి కాబట్టి ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం.

సూటిగా చెప్పాలంటే, చేయదు. ఏ పక్షికీ అది సాధ్యం కాదు. కానీ బాతుల ముక్కుని దగ్గర్నుంచి చూస్తే ఒక విశేషం ఉంది. అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి సన్నని వరసలుంటాయి. బురద నీళ్లు నోట్లోకి తీసుకుని, నీళ్లని ఆ వరసల సందుల్లోంచి బయటికి తోసేసి, గింజనీ పురుగునీ లోపల ఉంచుకుంటుంది. చలికాలంలో మన చెరువులకి వచ్చే షవెలర్ అనే గరిటెముక్కు బాతు రోజంతా చేసే పని ఇదే. హంస పోలిక ఇక్కణ్ణుంచే పుట్టిందనేవాళ్లున్నారు. తామరతూడు తెంపితే పాలలాంటి రసం కారుతుంది, హంస నీళ్లలోంచి తీసుకునే క్షీరం అదే అనేవాళ్లూ ఉన్నారు. నాకు మొదటిదే నచ్చుతుంది. అందులో బురద ఉంది కాబట్టి.

ఇంతకీ ఏ హంస? మన క్యాలెండర్లలో ఉండే పొడుగు మెడ తెల్లటి పక్షి స్వాన్. రవివర్మ 1899లో వేసిన హంస దమయంతి బొమ్మలోనూ అలాంటిదే ఉంటుంది. మన తెలుగు చెరువులకి స్వాన్‌లు రావు. సంస్కృతంలో హంస, జర్మన్‌లో గాన్స్, లాటిన్‌లో ఆన్సర్, ఇవన్నీ ఒకే కుటుంబం మాటలు. ఆ భాషల్లో వాటి అర్థం గూస్. డచ్ పండితుడు వోగెల్ ఈ విషయం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, హంస అంటే గూసే అని. అది 1962లో అచ్చయింది. కాదు ఫ్లెమింగో అన్నవాళ్లూ ఉన్నారు, ఆ గొడవ పక్కన పెడదాం. అమరకోశం మాత్రం హంసల్ని ముక్కు రంగు, కాళ్ల రంగు చూసి వేరు వేరు పేర్లతో పిలిచింది. అంటే ఆ కాలంవాళ్లు చెరువు గట్టున నిలబడి పక్షిని చూశారు. మనం క్యాలెండర్ చూస్తున్నాం.

మన వైపు నిజంగా వచ్చేది బార్ హెడెడ్ గూస్. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల పట్టీలు, పసుపు ముక్కు. వేసవిలో టిబెట్, మంగోలియా, లద్దాఖ్‌లలో పిల్లల్ని పెంచి, చలికాలానికి హిమాలయాలు దాటి దక్షిణానికి వస్తుంది. ట్రాన్స్‌మిటర్ కట్టి చూస్తే ఏడు వేల మీటర్లకి పైన ఎగిరినవి ఉన్నాయి. పలచటి గాలిలో కూడా ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ దాని రక్తంలో ఉంది. మేఘసందేశంలో హంసలు మానస సరోవరానికి బయలుదేరతాయని కాళిదాసు రాసింది గాలి కబురు కాదన్నమాట. దిక్కు సరిపోయింది. నెలే కొంచెం తేడా, ఇవి వానలకి ముందే వెళ్లిపోతాయి.

మా మదీనాగూడ నుంచి ముంబై హైవే ఎక్కి సంగారెడ్డి దాకా వెళ్తే మంజీర అభయారణ్యం వస్తుంది, 1978 నుంచి ఉంది. అక్కడికి వస్తాయి ఇవి. ప్రబంధాల్లో విరహానికి మారుపేరైన జక్కవలు, అంటే చక్రవాకాలు కూడా వస్తాయి. హైదరాబాద్ దశాబ్దాలుగా తాగుతున్న నీళ్లలో ఆ మంజీర నీళ్లు కూడా ఉన్నాయి. ఇంకా దగ్గర్లో, బీరంగూడ అవతల, కుతుబ్‌షాహీల కాలం నాటి అమీన్‌పూర్ చెరువుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఒక నగరంలోని చెరువుకి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. చేపలు చచ్చి తేలాయన్న వార్తలు కూడా ఆ చెరువు నుంచే వచ్చాయి.

ఇక్కడ మీలో కొందరు అనొచ్చు. "హంస ఒక సింబల్ అండీ. వివేకం లోపల వెతుక్కోవాలి, చెరువులో కాదు." ఒప్పుకుంటాను. ఒక్క బాతు కూడా మిగలకపోయినా పరమహంస అన్న మాటకి అర్థం పోదు. అలాగే, అమ్మవారి వాహనం కాబట్టి హంసని కాపాడాలి అనే వాదన కూడా నాకు సరిగ్గా అనిపించదు. పాపం నీటికోడి మీద ఏ దేవుడూ కూర్చోలేదు, మరి దాని గతేంటి?

నలుడి కథ గుర్తు చేసుకోండి. భారతంలో నలుడు బంగారు హంసని పట్టుకుంటే, "నన్ను చంపకు, దమయంతికి నీ గురించి చెప్తాను" అంటుంది. వదిలేస్తాడు. అది ఒక రకంగా బేరం. అదే కథని శ్రీహర్షుడు నైషధంలో మార్చాడు. శ్రీనాథుడు శృంగార నైషధంగా మనకి తెచ్చింది దాన్నే. అక్కడ హంస ఏమీ ఇస్తాననదు. ముసలి తల్లి ఉంది, భార్య పురిట్లో ఉంది అని ఏడుస్తుంది. నలుడికి జాలేసి వదిలేస్తాడు. ఎగిరిపోయిన హంస తర్వాత తనంతట తానే తిరిగొచ్చి సాయం చేస్తానంటుంది. చేతిలో ఉన్నప్పుడు అడగని దాన్ని, వదిలేశాక అది తెచ్చిచ్చింది. పర్యావరణం అనగానే "దీనివల్ల మనకేంటి లాభం" అని మొదలుపెట్టే మాటలు విన్నప్పుడల్లా నాకు ఈ రెండో నలుడు గుర్తొస్తాడు.

ఇక వివేకం సంగతి. కార్తీకంలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సామూహిక సత్యనారాయణ వ్రతం చేశాం. ఆ తర్వాతి ఆదివారం అదే హాల్లో అసోసియేషన్ మీటింగ్. ఎస్‌టీపీ కరెంట్ బిల్లు ఎక్కువొస్తోంది, రాత్రిపూట బ్లోయర్లు ఆపేద్దాం, ఎవరు చూస్తారు అన్నారొకరు. చాలా తలలు ఊగాయి. బ్లోయర్లు ఆపితే మురుగుని తినే సూక్ష్మజీవులకి గాలి అందక చచ్చిపోతాయి. శుద్ధికాని నీళ్లు నాలాలోకి, నాలా చెరువులోకి. అక్కడ గుర్రపుడెక్క పెరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు తేలతాయి, పక్షి ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఇది చెప్తే ఒక పెద్దాయన నవ్వుతూ, "నువ్వు దేవుడి వీడియోలు చేసుకో బాబూ, ఈ ప్లంబింగ్ ఎందుకు నీకు?" అన్నారు.

ఆయన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఈ ప్లంబింగే నాకు నీరక్షీర వివేకం లాగా కనిపిస్తోంది. వాన నీళ్లు ఒక పైపులో, మురుగు ఇంకో పైపులో. కలవకముందే వేరు చేయాలి. కలిశాక విడదీయడం హంస వల్ల కాదని మా తమ్ముడి ప్రశ్నే తేల్చింది కదా. మనం చేయాల్సిన పనిని ఒక పక్షికి అప్పగించి, దాని బొమ్మకి దండం పెట్టి ఊరుకున్నామేమో అనిపిస్తుంది.

ఆ రోజు ఏదీ తేలలేదు, వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఈసారి బ్లోయర్ల ఖర్చు ఫ్లాట్‌కి ఎంత పడుతుందో లెక్క రాసుకుని వెళ్తున్నాను. పక్కనే వ్రతానికి ఒక్కో ఫ్లాట్ ఇచ్చిన చందా కూడా రాశాను.

డిసెంబర్, జనవరిలో మంజీర వైపు వెళ్లేవాళ్లుంటే తెల్లవారేసరికి అక్కడుండండి. బైనాక్యులర్స్ మర్చిపోవద్దు. బిస్కెట్లు మాత్రం వేయకండి.