మారనిది ఏది?

మా నాన్నగారు రోజూ సాయంత్రం శంకర భాష్యం చదువుకునేవారు. మారనిదే సత్యమన్నది ఆయన నమ్మకం. ఫార్మసీ కాలేజీలో హెచ్‌ఐవీ ప్రోటియేజ్ పాఠం చెప్పినప్పుడల్లా ఆయనతో మనసులో వాదన మొదలవుతుంది.

ఈ ఎంజైము రెండు ఒకే రకం గొలుసుల జంట. ఒక్కో గొలుసులో 99 అమైనో ఆమ్లాలు. వైరస్ ప్రోటీన్లను ఇది ముక్కలు చేస్తేనే కొత్త వైరస్ పక్వమవుతుంది. ఆ కోతను ఆపడానికి 1995 చివర్లో సాక్వినవిర్, మరుసటి ఏడు రిటోనవిర్, ఇండినవిర్ వచ్చాయి. మంచాన పడ్డవాళ్లు లేచి పనుల్లోకి వెళ్లారు. కానీ ఈ వైరస్‌కు నకలులో దొర్లిన తప్పులు దిద్దే ఏర్పాటు లేదు. ఎంజైము గొలుసులో 84వ చోట ఐసోల్యూసిన్ పోయి, కాస్త చిన్నదైన వాలీన్ వస్తుంది. అంతే, మందుకు అక్కడ ఆనిక పోతుంది.

అరుణ్ ఘోష్ అనే రసాయన శాస్త్రవేత్త ఇక్కడ మారనిదాన్ని వెతికారు. ఏ అమైనో ఆమ్లం వచ్చినా మారేది దాని పక్క గుంపే. గొలుసు బ్యాక్‌బోన్‌లోని నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు అక్కడే ఉంటాయి. ఆయన జంట వలయాలున్న ఒక భాగాన్ని తయారుచేశారు. అందులోని ఆక్సిజన్లు 29, 30 స్థానాల బ్యాక్‌బోన్‌ను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఆ మందే దరునవిర్. 2006లో అమెరికాలో అనుమతి పొందింది.

నాన్నగారైతే "చూశావా!" అనేవారు. నేను ఒప్పుకోను. ఆ బ్యాక్‌బోన్ స్వతస్సిద్ధంగా నిత్యమైనది కాదు. అది ఎక్కువ వంగితే ఎంజైముకు కోసే పని చేతకాదు, ఆ వైరస్ వంశం నిలవదు. దాని నిలకడంతా చేసే పనిని బట్టి వచ్చిందే. దేనికీ సొంత స్వభావం లేదు, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయన్న బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడే నాకిక్కడ దగ్గరగా కనిపిస్తాడు. శాస్త్రవేత్త సీలియా షిఫర్ బృందం చెప్పిందీ ఈ దారిలోనిదే: ఎంజైము కోసే ప్రోటీను ముక్కలు ఎంత చోటులో ఇముడుతాయో మందూ ఆ చోటులోనే ఇమడాలి. అప్పుడు మందును గెంటాలంటే వైరస్ తన పనినీ చెడగొట్టుకోవాలి.

మందు పనిచేయకపోతే "నా కర్మ" అనుకునేవాళ్లను చూస్తే నా మనసు కలుక్కుమంటుంది. నకలులో పడ్డ తప్పుకు మీ పాపపుణ్యాలతో ఏ సంబంధమూ లేదు.

దరునవిర్ కూడా అజేయం కాదు. మార్పులు పేరుకుంటే దాని పట్టూ సడలుతుంది. ఒంట్లో మందు తగ్గినప్పుడే వాటికి సందు దొరుకుతుంది. వాడుతున్నవాళ్లు దయచేసి పూట తప్పకండి. డాక్టరు చెప్పినట్టు దానికి తోడు మాత్రతో కలిపి, భోజనంతో పాటు వేసుకోండి.