రోజుకో సంకీర్తన: అన్నమయ్య నేమం

తాళ్లపాక అన్నమాచార్యులు పదహారో ఏట, 1424లో సంకీర్తన రచన మొదలుపెట్టి, 1503లో పరమపదించే దాకా కొనసాగించారు. రోజుకు ఒక్కటికి తగ్గకుండా వేంకటేశ్వరస్వామికి సంకీర్తన విన్నవించడం ఆయన పట్టిన నేమం. మొత్తం ముప్పై రెండు వేలు రచించారని ఆయన మనుమడు చిన్నన్న ‘అన్నమాచార్య చరిత్రము’లో రాశాడు. డెబ్బై ఎనిమిదేళ్లకు పైబడిన కాలానికి ఆ సంఖ్యను పంచితే, రోజుకు ఒకటికి కాస్త ఎక్కువే వస్తుంది.

చంచలమైన మనసును అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ నిలపవచ్చని భగవద్గీత ఆరో అధ్యాయం బోధిస్తుంది. అన్నమయ్య రచనాజీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి.

అభ్యాసానికి ఆధారం తిరుమల ఆలయంలోని నిత్యసేవలు. వేకువన మేలుకొలుపు, శుక్రవారం అభిషేకం, కల్యాణం, ఊయల సేవ, రాత్రి పవళింపు, ఏటా బ్రహ్మోత్సవ వాహనాలు: ప్రతి సేవా పాటకు ఒక సందర్భం. ఏం రాయాలా అని వెతుక్కోనక్కర లేదు. స్వామికి ఆ పూట జరిగే ఉపచారమే వస్తువు. పాట రూపమూ చాలావరకు స్థిరమైనదే: పల్లవి, ఎక్కువగా మూడు చరణాలు, చివర వేంకటేశ ముద్ర. ఆ చట్రంలోనే ఆయన ఎంతో వైవిధ్యం చూపారు. అధ్యాత్మ, శృంగార సంకీర్తనలు రెండింటినీ రచించారు. జోల, లాలి, సువ్వి, ఏల, జాజర వంటి జానపద బాణీలను పూజలోకి తెచ్చారు. ఊరి ఆడవాళ్లు దంచుతూ, ఊపుతూ పాడుకునే పాటలూ అలా కైంకర్యమయ్యాయి. తాను సాధన చేసిన విద్యకు ‘సంకీర్తన లక్షణం’ పేరుతో సంస్కృతంలో శాస్త్రమూ కూర్చారు.

వైరాగ్యానికి నిదర్శనంగా చిన్నన్న ఒక ఘట్టం చెబుతాడు. స్వామిపై పాడిన శృంగార సంకీర్తన విని మెచ్చిన సాళువ నరసింహరాయలు, తన మీదా అలాంటిది పాడమన్నాడు. హరిని కీర్తించే నాలుకతో నరుణ్ని పొగడనని అన్నమయ్య నిరాకరించారు. రాజు సంకెళ్లు వేయించినా స్వామినే వేడుకున్నారు. ఎవరి కోసం పాడుతున్నారో తెలిసినందువల్ల మెప్పుకూ బెదిరింపుకూ ఆయన పాట లొంగలేదు.

పాటల భవిష్యత్తూ ఆయన చేతిలో లేదు. కుమారుడు పెద తిరుమలాచార్యుల కాలంలో అవి రాగిరేకులకెక్కి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో చేరాయి. శతాబ్దాల పాటు మరుగున పడ్డాయి. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల పరిష్కరణతో వెలుగు చూశాయి. నేడు దొరుకుతున్నవి చిన్నన్న చెప్పిన సంఖ్యలో సగానికి తక్కువే. రేకుల మీద రాగం పేరు ఉంది గాని స్వరం లేదు. అందుకే నేడు వినిపించే బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు కూర్చినవి.

స్ఫూర్తి వచ్చాక కూర్చుందామనుకునే సంగీతకారుడికి అన్నమయ్య చూపే దారి వేరు. నిత్యం ఒక వేళ కేటాయించాలి, చిన్నదైనా ఆనాటి పాట ఆనాడే పూర్తి చేయాలి. బాగా కుదిరినా కుదరకపోయినా దైవానికి అర్పించి, మర్నాడు మళ్లీ కూర్చోవాలి. నేమం తప్పని చోటికి స్ఫూర్తి తానే వస్తుంది.