ఎవరి కేసు మీద నేర్చుకోవాలి?

లండన్‌లో బారిస్టర్ పట్టా పుచ్చుకుని 1891లో తిరిగొచ్చిన గాంధీ, బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొదటి కేసు పట్టారు. ప్రతివాది తరఫున లేచారు. వాది సాక్షుల్ని క్రాస్ చెయ్యాలి. ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. కూర్చుండిపోయారు. తీసుకున్న 30 రూపాయలూ వదులుకుని, పటేల్ అనే మరో వకీలును పెట్టుకోమన్నారు. ఆయన ఫీజు 51 రూపాయలు. గాంధీ గబగబా బయటికొచ్చేశారు. ఆ కేసు గెలిచిందో ఓడిందో కూడా తనకు తెలియదని ఆత్మకథలో రాసుకున్నారు.

ఈ కథలో అందరికీ గాంధీ కనిపిస్తాడు. నాకు ఆ కక్షిదారు మామీబాయి కనిపిస్తుంది. ఆయన కూర్చోవడం ఒకరకంగా ఆమె అదృష్టం. తోచకపోయినా పరువు కోసం ఏదో ఒకటి అడిగేసి, రాకూడని జవాబును రికార్డుకెక్కించి ఉంటే?

ప్రతి వకీలూ ఎవరో ఒకరి కేసు మీదే పని నేర్చుకుంటాడు. హౌస్ సర్జన్ రాసిన మందుచీటీని ప్రొఫెసర్ ఒకసారి చూస్తాడు. సొంతంగా బోర్డు పెట్టుకున్న కుర్రాడి ప్లెయింటు ఎవరు చూస్తారు? సివిల్ ప్రొసీజర్ కోడ్ కొనుక్కోవచ్చు. ఏ ప్రశ్న అడక్కుండా వదిలెయ్యాలో, ‘ఈ దావా నిలవదమ్మా, రాజీ పడండి’ అని ఫీజు పోగొట్టుకుని ఎప్పుడు చెప్పాలో ఆ పుస్తకంలో దొరకదు. గాంధీకి కూడా అది తర్వాత దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో, వర్తకుడు దాదా అబ్దుల్లా కేసు లెక్కల పుస్తకాల మధ్య దొరికింది. సీనియర్ చాంబర్లో జూనియర్ నేర్చుకునేదంతా అక్కడే నేర్చుకున్నానన్నారు. కానీ అందరికీ ఒక ప్రిటోరియా దొరుకుతుందా?

మన చట్టం ఈ ప్రశ్నను చాలాకాలంగా దాటేస్తోంది. ఎన్‌రోల్‌మెంటుకు ముందు ఏడాది శిక్షణ ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో నిబంధనలు చేసింది. శిక్షణ నిబంధనను పార్లమెంటు 1973లోనే అడ్వకేట్స్ చట్టంలోంచి తీసేసింది గనక బార్ కౌన్సిల్‌కు ఆ అధికారం లేదని 1999లో సుప్రీంకోర్టు ఆ 1995 నిబంధనల్ని కొట్టేసింది. ఇక మిగిలింది సీనియర్ దయ. సివిల్ జడ్జి ఉద్యోగానికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. దానికి పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రమిచ్చినా చాలు, న్యాయాధికారి ఆమోదం ఉంటే. ప్రాక్టీసు చేశాడని రాసిస్తే సరిపోతుంది. నేర్పానని రాయక్కర్లేదు.

డబ్బు సంగతి కొంత కదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో లా నేస్తం పేరిట జూనియర్లకు నెలకు 5,000 రూపాయలు మొదలుపెట్టారు. 2024లో బార్ కౌన్సిల్ పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని సీనియర్లకు సిఫార్సు చేసింది. అది సిఫార్సే.

వకీలు ఇంట్లో పుట్టినవాడికి ఇల్లే చాంబరు. మొదటి తరం వాడు ఫైళ్లు మోస్తూ ‘సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారు సార్, పాస్‌ఓవర్ ఇప్పించండి, కాసేపాగి పిలవండి’ అంటూ ఏళ్లు గడిపి, ఒకరోజు సొంత బోర్డు పెడతాడు. అతని దగ్గరికి వచ్చేదెవరు? పెద్ద ఫీజు ఇచ్చుకోలేని మనోవర్తి కేసులవాళ్లు, గట్టు తగాదాలవాళ్లు. నేర్పేవాడు లేని వకీలూ, ఇంకో వకీలును పెట్టుకునే గతిలేని పార్టీ కూడా ఒకే బల్ల దగ్గర కలుస్తారు. జూనియర్ల సమస్య అని మనం పక్కన పెట్టేది నిజానికి ఎవరి సమస్య?

నేర్పడంలోనూ చిక్కుంది. వాయిదాలతో ఎదుటివాణ్ని అలసిపోయేలా చెయ్యడం కూడా చాంబర్లోనే నేర్చుకునేది. ‘ఎందుకు సార్?’ అని అడగలేని చోట అణకువ అలవడుతుందేమో గానీ వివేకం అలవడుతుందా? బయటి పెద్దల్ని అడుగుదామంటే పార్టీ రహస్యం కాపాడాలి. పేర్లు దాచి అడిగినా, చిన్న ఊరి బార్‌లో ఎవరి కేసో సగం మందికి తెలిసిపోతుంది. పైగా సలహా ఇచ్చిన ఆయనే రేపు ఎదురు పక్షాన వకాలత్ వెయ్యొచ్చు.

అయినా అడగాలనే అంటాను. ముందుగా ‘ఈ విషయం మీ దగ్గరే ఉండాలి, రేపు మీరు ఎదురు పక్షానికి వెళ్లకూడదు’ అని మాట తీసుకుని అడగాలి. అంత మాట సీనియర్‌తో అనే చనువు జూనియర్‌కు ఎవరివ్వాలి? సలహా తప్పై దావా కొట్టేసిన రోజు, వకాలత్‌లో పేరున్న కుర్రాడొక్కడే పార్టీ ముందు నిలబడాలా?