చివరి పెట్టె వచ్చినదా?

వేగముగా పోగలిగినవాడు వేగముగానే పోవలెనా? పైకి ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. కాని కుటుంబమునకు యజమానియైనను, పదిమందిపై అధికారియైనను, సంఘమునకు పెద్దయైనను ఈ ప్రశ్నను తప్పించుకొని పోజాలడు. గత శీతకాలమున ఒక ఉదయము రాయపూరులో ఈ ప్రశ్న ఒక ఎఱ్ఱని కారు రూపమున నా యెదుట నిలిచినది.

నేను రైలు ఇంజను నడిపి విశ్రాంతి పొందినవాడను. మా నాయన బొబ్బిలి ప్రాంతమునుండి రైల్వే పనికై రాయపూరునకు వచ్చెను. 1931వ సంవత్సరమున విజయనగరము, రాయపూరుల నడుమ రైలు మార్గము పూర్తియైన పిదప, ఉత్తరాంధ్రకు చెందిన కుటుంబములు అనేకములు ఆ దారినే ఇచ్చటికి వచ్చినవి. పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా పోవు ఆ మార్గముననే నేను ఎక్కువ కాలము సరకు బండ్లు నడిపితిని. కనుక వేగమును గూర్చి నాకు తెలిసినదంతయు పట్టాలమీద నేర్చుకొన్నదే.

నా మేనల్లుడు ఒక సంస్థలో ఇంజనీరు. ఆ మధ్యనే నలువదిమంది పనివారిపై అధికారిగా నియమింపబడెను. అట్టివారికొరకు "మారుచున్న లోకమునకు నాయకత్వ నైపుణ్యములు" అను పేర రెండు దినములు శిక్షణ జరిగినది. నాయకుడు స్పోర్ట్స్ కారువంటివాడు కావలెననియు, తలచిన తక్షణమే కదలి, మలుపు వచ్చిన తక్షణమే తిరిగి, అందరికంటె ముందు గమ్యము చేరవలెననియు అక్కడ బోధించిరట. శిక్షణ ముగిసిన మరునాడు అట్టి కారునే టెస్ట్ డ్రైవు చేయు అవకాశము కలిగించిరి. వెంట ఒకరిని తీసికొని రావచ్చునని చెప్పుటచే, "మీరు రండి మామయ్యా, మీకంటె పెద్ద బండి నడిపినవారు మా యింట ఎవరున్నారు?" అని అతడు నన్ను పిలిచెను.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడి రాయపూరు రాజధాని యైన తరువాత, పాత పట్టణమునకు వెలుపల నవ రాయపూరు నిర్మింపబడినది. 2012లో సచివాలయము అచ్చటికి తరలినది. 2018లో ఆ నగరమునకు అటల్ నగర్ అను పేరు పెట్టిరి. అచ్చటి రోడ్లు మిక్కిలి విశాలమైనవి. ఉదయకాలమున జనసంచారమును తక్కువే. కారు అమ్మెడు యువకుడు మేనల్లుని ప్రక్కన కూర్చుండెను. వెనుకనున్న ఇరుకు సీటులో మోకాళ్లు ముడుచుకొని నేను కూర్చుంటిని.

నిలిచియున్న ఆ కారు అయిదారు సెకండ్లలో గంటకు నూరు కిలోమీటర్ల వేగమును అందుకొనగలదని ఆ యువకుడు చెప్పెను. మేనల్లుడు పాదము నొక్కగానే నా వీపు సీటునకు అతుక్కొనిపోయెను. నిజము చెప్పవలెనన్న, ఆ క్షణమున నాకును సంతోషమే కలిగినది. అరువదియేడు ఏండ్లవాడనని మరచితిని. వేగమునందు పాపమున్నదని నేను చెప్పబోవుటలేదు. మనుష్యుని మేధస్సు చేసిన మంచి యంత్రము తన పనిని చక్కగా చేయుచుండగా చూచుట ఆనందకరమే.

ఇంతలో రోడ్డు అంచున ఒక స్త్రీ సైకిలుపై పోవుచుండెను. వెనుక ఒక చిన్నబిడ్డ ఆమె చీరను పట్టుకొని కూర్చుండెను. ఆమె వెనుదిరిగి చూడకయే రోడ్డు దాటుటకు ప్రక్కకు తిరిగినది. మేనల్లుడు బ్రేకు నొక్కెను. కారు చక్కగా ఆగినది. ఆమె దాటిపోయినది. ఏమి జరిగినదో ఆమెకు తెలియనే తెలియదు.

"చూచితిరా మామయ్యా, బ్రేకు ఎంత బాగున్నదో!" అని అతడు నవ్వెను.

బ్రేకు బాగుగానే యున్నది. కాని నా మనస్సు ఆ సైకిలు వెంట పోయినది. మేము కారును పరీక్షించుటకు వచ్చితిమి. ఆ పరీక్షలో ఆ తల్లియు బిడ్డయు కూడ పాలుపొందిరి. పాలుపొందుదురా యని వారిని ఎవరును అడుగలేదు. గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో ఇరువదియెనిమిది మీటర్లు పోవును. అపాయమును కన్ను చూచి, పాదము బ్రేకును చేరులోపలనే అంత దూరము గడచిపోవును. అంతేకాదు, వేగము రెండింతలైన, బ్రేకు పట్టిన పిదప ఆగుటకు పట్టు దూరము సుమారు నాలుగింతలగును. వేగము ఎక్కువైన కొలది నడుపువాని ఆనందము ఎంత పెరుగునో చెప్పలేను గాని, ఇతరులకు కలుగు అపాయము మాత్రము అంతకంటె త్వరగా పెరుగును. అధికారమును ఇట్టిదే. నాయకుని తొందరపాటునకు వెల చెల్లించువారు తరచుగా రోడ్డు అంచున నున్నవారే.

పిమ్మట ఆ యువకుడు నన్నును నడుపుమని బలవంతపెట్టెను. ఎవరునులేని చోట మెల్లగా నడిపితిని. "ఇప్పుడు బ్రేకు గట్టిగా నొక్కి చూడండి" అని అతడనెను. నేను పూర్వము జీపు నడుపుట నేర్చినప్పుడు, చక్రములు బిగిసి బండి జారకుండునట్లు బ్రేకును నొక్కుచు, వదలుచు, మరల నొక్కుచు ఆపవలెనని నేర్పిరి. ఆ అలవాటుననే పాదము ఎత్తితిని. "ఎత్తకూడదండీ! ఆ పని కారే చేసికొనును. మీరు గట్టిగా నొక్కి పట్టియుండవలెను" అని అతడు చెప్పెను. చక్రములు బిగిసిపోకుండ చేయు ఏర్పాటు ఈ కాలపు కార్లలో ఉన్నది. ఆనాడు ప్రాణము కాపాడిన నేర్పు ఈ కారులో ఆగు దూరమును పెంచు దోషమైనది! నాకు సిగ్గు కలిగెను. లోకము మారినప్పుడు పెద్దవారు కూడ కొన్ని పాఠములు మరచిపోవలసియుండును. నలువది ఏండ్ల అనుభవము గలవాడు తన అనుభవము ఏ బండిలో సంపాదించినదో జ్ఞాపకముంచుకొనవలెను.

తిరిగి వచ్చుచుండగా మేనల్లుడు నన్నడిగెను: "మామయ్యా, వారు చెప్పినట్లు నాయకుడు ఈ కారువలె ఉండవలెనందురా?"

"ఈ కారు వెనుక ఎన్ని పెట్టెలున్నవిరా?" అని నేనడిగితిని.

అతనికి అర్థము కాలేదు. అప్పుడు రైలు సంగతి చెప్పితిని. సరకు బండికి ఏబదికి పైగా పెట్టెలుండును. ఇంజనుకు బలమున్నదిగదా యని ఒక్కసారిగా లాగిన, పెట్టెలను కలుపు కొక్కెము తెగును. కనుక ప్రారంభమున మెల్లగా లాగి, ఒక్కొక్క పెట్టె కదలుచు కదలుచు చివరి పెట్టెవరకు లాగుడు చేరినదని తెలిసికొన్న పిదపనే వేగము పెంచవలెను. ఇక, ఇంజను స్టేషను దాటినంత మాత్రమున బండి వచ్చినట్లు లెక్క కాదు. చివరి పెట్టెకు ఒక గుర్తుండును, రాత్రివేళ ఎఱ్ఱదీపముండును. ఆ గుర్తు కనబడినగాని బండి పూర్తిగా వచ్చినదని స్టేషను మాస్టరు వ్రాసికొనడు. నేడు అనేక చోట్ల యంత్రములే ఆ పని చేయుచున్నవి. ఒక భాగములోనికి ఎన్ని ఇరుసులు పోయినవో లెక్కించి, అన్నియు బయటికి వచ్చినవో లేదో అవి చూచును. గార్డునకు 2022లో ట్రైను మేనేజరు అని పేరు మార్చిరి. పేరులు మారినవి, పనిముట్లు మారినవి. చివరి పెట్టె వచ్చినదా అను ప్రశ్న మారలేదు.

స్పోర్ట్స్ కారు నడుపువానికి ఆ ప్రశ్న లేదు. దాని వెనుక ఎవరును లేరు. నాయకుని వెనుక మనుష్యులున్నారు.

పరిశుద్ధ గ్రంథమందు యాకోబు ఈ సంగతిని ఎరిగినవాడు. ఇరువది సంవత్సరముల తరువాత అన్నయగు ఏశావును కలిసికొనినప్పుడు, కలిసి ప్రయాణము చేయుదమని ఏశావు అతని పిలిచెను. ఏశావు వెంట నాలుగువందలమంది మనుష్యులుండిరి. వారు వేగముగా పోగలవారు. యాకోబు వెంట పసిపిల్లలును, పాలిచ్చు మందలును ఉండెను. ఒక్కదినము వడిగా తోలిన మంద యంతయు చచ్చునని చెప్పి, మందయు పిల్లలును నడువగలిగినంత మెల్లగానే తాను వచ్చెదనని అతడు బదులిచ్చెను. యాకోబు మొదటినుండి ఇట్టివాడు కాడు. జ్యేష్ఠత్వమునకును, ఆశీర్వాదమునకును తొందరపడి అన్నను త్రోసి ముందుకు పోయినవాడే. అట్టివాడు పిల్లల అడుగులను లెక్కించు తండ్రి యగుటకు ముందు రాత్రియంతయు పెనుగులాడి, కుంటుచు నడువవలసి వచ్చెను. తాను కుంటినవాడే ఇతరుల కుంటితనమును ఎరుగునేమో!

ఈ పాఠము నాకు మొదటినుండి తెలిసియున్నయెడల ఎంత బాగుండెడిది! చదువరులయెదుట ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. రైల్వేవారి కుటుంబములతో ఏర్పడిన మా చిన్న తెలుగు సంఘములో, మూడవ తరము పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. వారి బడి హిందీలో, వారి స్నేహితులతో సంభాషణ ఛత్తీస్‌గఢీలో. పిల్లలు ఆరాధనకు దూరమగుచున్నారని నేను ఆతురపడితిని. అప్పుడు నేను సంఘ పెద్దలలో ఒకడను. ఒకే కూటములో వాదించి గెలిచి, ఒక్క నెలలో ఆరాధన యంతయు హిందీకి మార్పించితిని. యౌవనస్థుల సంఖ్య పెరిగినది. అందరును నన్ను మెచ్చుకొనిరి. నేనును నన్ను మెచ్చుకొంటిని.

ఎడమ ప్రక్కన గోడదగ్గర కూర్చుండు ఒక వృద్ధురాలు వచ్చుటలేదని నేను గమనించుటకు రెండు నెలలు పట్టినది. పార్వతీపురము ప్రాంతమునుండి పదునారేండ్ల పెండ్లికూతురుగా వచ్చి, అర్ధశతాబ్దము మా మధ్య ప్రార్థించినది ఆమె. ఇంటికి వెళ్లి అడిగితిని. ఆమె కోపపడలేదు. "నాకు అర్థము కాదు గదా బాబూ. అర్థము కానిచోట కూర్చుండి ఏమి చేయుదును? ఇంటనే చేసికొనుచున్నాను" అనెను. సంఖ్యలను చూచుకొనుచు ముందుకు సాగిన నేను, తెగిన కొక్కెమును వినలేదు. తరువాత పాఠము, ప్రార్థన తెలుగులోను, ప్రసంగము రెండు భాషలలోను ఉండునట్లు ఏర్పాటు చేసితిమి. పిల్లలకు శనివారములు తెలుగు అక్షరములు నేర్పుట మొదలుపెట్టితిమి. అది కుదురుకొనుటకు దాదాపు రెండేండ్లు పట్టినది. అప్పటికి ఆమె ప్రభువునొద్దకు వెళ్లిపోయెను.

అయితే మార్పు అనవసరమని నేను చెప్పుచున్నానా? లేదు. ఆ పిల్లలును చివరి పెట్టెలే. వారిని విడిచిపెట్టి, పెద్దవారి సుఖముకొరకు కదలక నిలిచిన అదియు అపరాధమే. పచ్చదీపము వెలుగుచుండగా బండిని నిలిపిన డ్రైవరు కూడ సంజాయిషీ చెప్పవలసినవాడే. మెల్లగా పోవుట వేరు, పోకుండుట వేరు. జ్ఞానముగల నిదానమునకును సోమరితనమునకును భేదము ఒక్కటే: ఆ నిదానము ఎవరికొరకు? వెనుకనున్నవారికొరకైన అది ప్రేమ. మన సౌకర్యముకొరకైన అది భయము.

మారుచున్న లోకమున నాయకత్వమెట్లుండవలెనో చూపిన ఒకరిని తెలుగువారమైన మనము మరువరాదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తమిళుడు. 1909లో తిరునెల్వేలి సంఘముల పక్షమున మిషనరీగా దోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చుకొనెను. 1910లో ఎడింబరో మహాసభలో విదేశీ మిషనరీలయెదుట నిలిచి, మాకు స్నేహితులు కావలెనని నిర్భయముగా అడిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు ఆయెను. కాలముకంటె ముందు నడచిన ఆలోచన ఆయనది. అయినను ఆయన పల్లెలు తిరిగినది ఎద్దుల బండిమీద. దోర్నకల్లు రైలు జంక్షనే, కాని అచ్చటి దళితవాడలకు రైలు పోదు. ఆలోచన వేగముగా పోవచ్చును, ఆలోచించువాడు మాత్రము ప్రజలు నడచు వేగముననే నడువవలెనని ఆయన జీవితము మనకు నేర్పుచున్నది.

ఆ ఉదయము చివర జరిగినది ఒక్క మాటలో చెప్పి ముగించెదను. కారును తెచ్చినచోటనే నిలిపి, మేనల్లుడు తాళపుచెవిని ఆ యువకుని చేతికిచ్చెను. ఏ గీతయు పడలేదని ఆ యువకుడు కారు చుట్టును తిరిగి చూచుకొనెను. టెస్ట్ డ్రైవు అనగా అంతే. బండి మనది కాదు, గడువు కొద్దిది, తిరిగి అప్పగింపక తప్పదు. మనకియ్యబడిన ప్రతి అధికారమును అట్టిదే. ఎంత వేగముగా నడిపితివని యజమానుడు అడుగునో లేదో నాకు తెలియదు. నీ వెంట పంపినవారందరు వచ్చిరా యని మాత్రము అడుగును.

మరుసటి సోమవారము మేనల్లుడు తన నలువదిమందిలో క్రొత్త యంత్రము నేర్చుకొనలేక వెనుకబడిన ఒక పెద్దవయస్సు కార్మికునితో కూర్చుండి, ఒక పూటంతయు గడపెనట. ఫోనులో ఆ సంగతి చెప్పి, "ఆయన పేరు కూడ నాకు ఇంతవరకు సరిగా తెలియదు మామయ్యా" అనెను.

చదువరీ, నీ చేతికియ్యబడిన బండి ఏది? దాని చివరి పెట్టెలో ఎవరున్నారు? వారి పేరు నీకు తెలియునా?