జవాబు చెప్పవలసినది ఎవరికి?

శాసనసభ్యుని మంచిచెడ్డలను కొలవడానికి కొలబద్ద ఏది? ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న చర్చకు వస్తుంది. ఓట్ల లెక్కింపు ముగియగానే మరుగున పడుతుంది. సాలూరులో లారీ షెడ్ల దగ్గర, టీ దుకాణాల దగ్గర వినిపించే కొలబద్దలు మనకు తెలిసినవే. "రోడ్డు వేయించాడు", "పిలిస్తే పలుకుతాడు", "మా ఇంట్లో పెళ్ళికి వచ్చాడు". చదువుకున్నవారు ఈ మాటలు విని నవ్వుకుంటారు. వారి చేతిలో మరొక కొలబద్ద వున్నది: సభకు ఎన్ని రోజులు హాజరైనాడు, ఎన్ని ప్రశ్నలు వేశాడు, ఎన్ని బిల్లులు ప్రతిపాదించాడు? ఇది మొదటిదానికన్నా శాస్త్రీయమైనదని వారి నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు సబబో పరిశీలించడం అవసరం. ఎందుకంటే ఇది కేవలం లెక్కల సమస్య కాదు, నీతి సమస్య. వేలాదిమంది పేర మాట్లాడే హక్కును ఒక మనిషి పుచ్చుకున్నప్పుడు, అతడు ఎవరికి, దేనికి, ఎట్లా జవాబు చెప్పాలి? అసలు ప్రశ్న ఇది.

ముందు బిల్లుల లెక్కనే చూద్దాం. మంత్రి కాని సభ్యుడు తనంత తానుగా తెచ్చే బిల్లును అనధికార బిల్లు అంటారు. 1952 నుంచి నేటి వరకు పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించగా చట్టాలైన అనధికార బిల్లులు 14 మాత్రమే. వాటిలో చివరిది ఆమోదం పొందినది 1970లో. ఆ తరువాత అర్ధశతాబ్దం దాటినా ఒక్కటీ గట్టెక్కలేదు. హిజ్రాల హక్కుల కోసం తిరుచ్చి శివ తెచ్చిన బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది ముందుకు సాగలేదు. ఇట్టి స్థితిలో బిల్లుల సంఖ్యను బట్టి సభ్యుని యోగ్యతను తేల్చడమంటే, తూము మూసిన చెరువు కింద రైతును ఎంత పండించావని నిలదీయడమే అవుతుంది. దీనికి రెండో వైపు కూడా వున్నది. చట్టం కాదని ముందే తెలిసిన బిల్లును ప్రతిపాదించడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు. పేరు కోసం పది బిల్లులు దాఖలు చేసి, పదకొండోనాడు వాటిని మరచిపోయే సభ్యుడు కూడా లెక్కలో మొనగాడుగానే కనిపిస్తాడు.

ఐతే ఓడిపోయిన బిల్లు వ్యర్థమేనా? ఈ ప్రశ్నకు మన ప్రాంతపు చరిత్రే సమాధానం చెబుతుంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి మద్రాసు శాసనమండలిలో కన్యాశుల్కాన్ని అరికట్టే బిల్లుకు పూనుకున్నాడు. అది చట్టం కాలేదు. కాని ఆ పూనికతో విశాఖపట్నం జిల్లాలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారైంది. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో ఏడాది, రెండేళ్ళ పసిపిల్లలు కూడా వున్నారు. 1897లో "కన్యాశుల్కం" మొదటి కూర్పు అచ్చైనప్పుడు గురజాడ తన పీఠికలో ఈ జాబితాను ప్రస్తావించాడు. శాసనమండలిలో ఆగిపోయిన పని రంగస్థలం మీద కొనసాగింది. ఆ బిల్లును కేవలం ఫలితాన్ని బట్టి తూచినట్లయితే మనం గుడ్డివాళ్ళమవుతాము.

ఇక్కడే ఒక చిక్కు వున్నది. మహారాజు బాధ్యత గలవాడే, కాని ఎవరికీ జవాబుదారీ కాడు. ఆ మండలిలో ఆయనను కూర్చోబెట్టినది ప్రభుత్వం. ప్రజలకు ఓటు లేదు. ఆ బిల్లును ఆయన మధ్యలో వదిలేసినా అడగగల కన్నతల్లి ఏ పల్లెలోనూ లేదు. బాధ్యత, జవాబుదారీతనం అన్న రెండు మాటలను మనం పర్యాయపదాలుగా వాడుతున్నాము. అవి పర్యాయపదాలు కావు. బాధ్యత ఒంటరిగా కూడా వుండగలదు. అంతరాత్మ వున్న మనిషికి అది చాలు. జవాబు ఒంటరిగా వుండలేదు. జవాబు వుండాలంటే ముందు ప్రశ్న వుండాలి. ప్రశ్న వుండాలంటే అడిగే మనిషి వుండాలి. ఆ మనిషికి అడిగే బలం వుండాలి. కనుక జవాబుదారీతనం అన్నది నాయకుని సద్గుణం కాదు. అది ఇద్దరి మధ్య వుండే సంబంధం. రెండోవాడు లేనప్పుడు మిగిలేది దయాగుణం మాత్రమే.

ఈ భేదాన్ని మనసులో పెట్టుకొని సాలూరు కొండల వైపు చూద్దాం. సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల్లోని ఏజెన్సీ గ్రామాల గిరిజనునికి అన్నిటికన్నా ముఖ్యమైన చట్టం భూమి చట్టం. దానిని ప్రతిపాదించిన శాసనసభ్యుడెవరు? ఎవరూ కాదు. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌గాని, దానిని సవరించి 1970 ఫిబ్రవరి 3న అమలులోకి వచ్చిన "1/70"గాని శాసనసభలో బిల్లుగా పుట్టినవి కావు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం గవర్నరు చేసినవి. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో వున్న భూమి గిరిజనుని నుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేదాకా భావించాలని 1/70 శాసించింది. బిల్లుల పట్టికలో ఇంత పెద్ద చట్టానికి చోటే లేదు!

అంతేకాదు. 1959లో రెగ్యులేషన్ వస్తే, దాని కింద నిబంధనలు తయారైనది 1969లో. పదేళ్ళు! ఈ పదేళ్ళలో భూములు ఎవరి చేతుల్లోకి జారిపోయాయో శ్రీకాకుళం కొండలకు తెలుసు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు తుపాకి గుండ్లకు బలైనప్పుడు, గిరిజనుని భూమిని కాపాడే చట్టం ఎనిమిదేళ్ళుగా కాగితం మీద వున్నది. నిబంధనలేవీ అని ఆ ఎనిమిదేళ్ళలో సభ నిలబెట్టి అడిగివుంటే చరిత్ర మరో విధంగా నడిచేదని నేననను. భూస్వామి, షావుకారు బలం ఒక్క ప్రశ్నతో కూలిపోయేది కాదు. కాని అడగకపోవడం కూడా ఒక పనే. ఆ పనికి ఏ పట్టికలోనూ గడి లేదు.

శాసనసభ్యుడు ఇక్కడ చేయగలిగినది లేదా? వున్నది. ఐదో షెడ్యూలు కిందనే గిరిజన సలహా మండలి వున్నది. ఇరవై మందికి మించని ఆ మండలిలో సుమారు మూడు వంతులు షెడ్యూల్డు తెగల శాసనసభ్యులే వుండాలి. గవర్నరు రెగ్యులేషను చేయబోయే ముందు ఈ మండలిని సంప్రదించి తీరాలి. సాలూరు వంటి నియోజకవర్గపు ప్రతినిధిని పరీక్షించవలసిన చోటు ఇది. ఇక్కడ ఏమి మాట్లాడాడు, ఏమి అడిగాడు, ఎప్పుడు మౌనం వహించాడు అన్నది బిల్లుల సంఖ్యకన్నా వెయ్యి రెట్లు విలువైన సమాచారం. మరొక విశేషం: 2022లో పీడిక రాజన్నదొర, 2024 జూన్‌లో గుమ్మిడి సంధ్యారాణి గిరిజన సంక్షేమ శాఖను చేపట్టారు. ఇద్దరూ సాలూరు నుంచి గెలిచినవారే. మంత్రి అయినవారు సభలో ప్రశ్నలు వేయరు, జవాబులు చెబుతారు. ప్రశ్నల సంఖ్యతో కొలిస్తే మంత్రి లెక్క సున్నా. కొలబద్ద ఎంత గుడ్డిదో దీనితో స్పష్టమవుతుంది.

ఇక ప్రతినిధి అన్న మాటనే ప్రశ్నార్థకం చేసిన సంఘటన కూడా సాలూరులోనే జరిగింది. ఇది షెడ్యూల్డు తెగలకు కేటాయించిన స్థానం. 2004లో ఇక్కడ గెలిచినట్టు ప్రకటింపబడిన ఆర్.పి. భంజ్‌దేవ్ షెడ్యూల్డు తెగకు చెందినవారు కారని హైకోర్టు తీర్పు చెప్పింది. ఫలితంగా ఆయనతో పోటీ చేసిన రాజన్నదొర 2006లో శాసనసభ్యులైనారు. ఈ నడుమ సుమారు రెండేళ్ళు సభలో సాలూరు గిరిజనుని పేర ఎవరు మాట్లాడినట్టు? ఆ కాలంలో సభ్యుడు వేసిన ఓట్లు చెల్లుతాయని ఎన్నికల చట్టం అంటుంది. చట్టానికి అది సరిపోవచ్చు, నీతికి సరిపోదు. గమనించవలసినదేమంటే, కోర్టుకు వెళ్ళి అడిగినది ఓడిన అభ్యర్థి. ఓటరు అడగలేదు, అడిగే స్తోమత ఓటరుకు లేదు.

అడిగేవాడు బలహీనుడైనప్పుడు జవాబు మరొక వైపు తిరుగుతుంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఉద్దేశం మంచిదే. అమ్ముడుపోయే సభ్యులను అరికట్టడం. కాని విప్పును ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు పదవి పోగొట్టుకోవలసివస్తుంది. ఓటరును ధిక్కరించిన సభ్యునికి అట్టి భయమేమీ లేదు. అమ్మకాలు ఆగినవా అంటే అదీ లేదు. 2014, 2019ల మధ్య ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షానికి చెందిన 23 మంది శాసనసభ్యులు పాలకపక్షంలోకి నడిచారు. వారిలో కొందరు మంత్రులు కూడా ఐనారు. ఏ చట్టం పేర వారిని ఇంటికి పంపాలో ఆ చట్టం నిద్రపోయింది. అంతరాత్మ ప్రకారం ఓటు వేసేవానికి శిక్ష, పక్షం మార్చినవానికి పదవి! ఈనాడు సభ్యుడు జవాబుదారీయే, కాదనలేము. టిక్కెట్టు ఇచ్చినవానికి జవాబుదారీ.

ఈ మాట అనగానే మన మిత్రులు కొందరు ఒక వాదం తెస్తారు. పాలకవర్గాల సభలో జవాబుదారీతనం వెతకడమే భ్రమ అంటారు. 1969 మార్చిలో తరిమెల నాగిరెడ్డి శాసనసభకు రాజీనామా చేస్తూ ఈ వాదాన్నే వినిపించారు. ఆయన నిజాయితీని శంకించేవాడు లేడు. ఐతే మరొకవైపు పుచ్చలపల్లి సుందరయ్య కూడా వున్నారు. 1955, 1962, 1978లలో గన్నవరం నుంచి గెలిచి, అదే సభలో కూర్చుని, నీళ్ళ గురించి, భూమి గురించి ప్రభుత్వాన్ని అంకెలతో నిలదీశారు. వీరిలో ఎవరిది సరైన మార్గమన్నది వేరే చర్చ. మన ప్రశ్నకు సంబంధించినంతవరకు ఇద్దరూ ఒకే సూత్రాన్ని పాటించారు. ఒకరు వుండడానికి, ఒకరు వెళ్ళిపోవడానికి కారణాన్ని ప్రజల ముందు బహిరంగంగా చెప్పారు. సభ భ్రమ అని నమ్మేవాడు సైతం జవాబు చెప్పే ధర్మం నుంచి తప్పించుకోలేడు. పైగా సభను మనం పట్టించుకోకపోతే అది మాయమైపోదు. మనలను పట్టించుకోకుండా నడుస్తుంది. 1959 నిబంధనల పదేళ్ళు అట్లా నడిచినవే.

సాలూరుకు పైన కొటియా గ్రామాలున్నాయి. ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాలు రెండూ తమవేనంటున్న పల్లెలవి. 1968లోనే తగాదా సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరపగా ఒడిశా మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు రాష్ట్రాల ఓట్లు వున్నవారు అక్కడ ఎందరో వున్నారు. 2024 మే 13న ఇటు సాలూరుకూ, అటు పొట్టంగికీ ఒకే రోజున పోలింగు జరిగింది. పైపైన చూస్తే ఆ గిరిజనుడు అదృష్టవంతుడు. ఇద్దరు శాసనసభ్యులు, ఇద్దరు ముఖ్యమంత్రులు! కాని సరిహద్దు ఎక్కడో తేల్చండి అన్న ఒక్క ప్రశ్నకు ఆ ఇద్దరిలో ఎవరూ జవాబు చెప్పలేరు. రెండు ప్రభుత్వాలూ పోటీపడి ఇచ్చే వరాలు వున్నాయి. అడిగే హక్కు మాత్రం ఏ ఒక్కచోటా స్థిరపడలేదు. వరం వేరు, జవాబు వేరు అన్న సత్యం దేశంలో మరెక్కడా ఇంత స్పష్టంగా కనిపించదేమో.

కనుక "రోడ్డు వేయించాడు" అనే ఓటరును చూసి నవ్వే అధికారం చదువుకున్నవారికి లేదు. అతడు తన కంటికి కనిపించినదానిని కొలుస్తున్నాడు. కనిపించనిదానిని చూపించవలసినవారెవరు? ఉపాధ్యాయులు, విద్యార్థులు కారా? 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత అభ్యర్థులు తమ ఆస్తులు, తమపై వున్న కేసులు ప్రమాణపత్రంలో తెలపక తప్పడం లేదు. కాని మళ్ళీ పోటీ చేసే సభ్యుడు గత ఐదేళ్ళలో సభలో ఏమి చేశాడో ఆ పత్రం చెప్పదు. అతని ఇంట్లో ఎంత బంగారం వున్నదో మనకు తెలుసు. 1/70ను సడలించాలన్న మాట వచ్చినప్పుడు అతడు ఏ పక్షాన నిలిచాడో తెలియదు.

నా దృష్టిలో శాసనసభ్యుని మూడు ప్రశ్నలు అడగాలి. మా పేర నీవు దేనికి ఔనన్నావు, దేనికి కాదన్నావు? వచ్చిన చట్టానికి నిబంధనలు, నిధులు, సిబ్బంది వచ్చినవా అని ఎన్నిసార్లు వెంటపడ్డావు? నీవు మౌనంగా వున్నప్పుడు ఎందుకు వున్నావు? ఉదాహరణకు, ఏజెన్సీ పాఠశాలల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ పిల్లలకు వారి భాషలో పాఠం చెప్పే మనిషి కోసం దాని స్థానంలో ఏమి తెచ్చారని అప్పటినుంచి ప్రతి సమావేశంలోనూ అడిగారా? ఈ ప్రశ్న బిల్లుల పట్టికలో దొరకదు. సభా కార్యక్రమాల పుస్తకాలు తిరగేస్తే దొరుకుతుంది. 2005 నుంచి సమాచార హక్కు చట్టం కూడా మన చేతిలో వున్నది.

ప్రతి కళాశాలలో నలుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు కూర్చుని ఏడాదికొకసారి తమ సభ్యుని ప్రశ్నలు, ఓట్లు, మౌనాలు ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించి, సంతనాడు పదిమందిలో చదివితే చాలు. ఇది విప్లవం కాదు; విప్లవమని నేననడం లేదు. ఆనంద గజపతి కాలంలో లేనిది, నేడు వుండి కూడా మనం వాడుకోనిది అడిగే మనిషి. ఆ మనిషి తయారుకానంతకాలం మన శాసనసభ్యులలో మంచివారు మహారాజుల వలె దయ చూపుతారు. చెడ్డవారు మహారాజుల వలె చూపరు. అడిగేవారిని తయారుచేయడం ఉపాధ్యాయుల పని. ఆ పని ఎంతవరకు చేశామని రేపు మన విద్యార్థులు అడిగితే, జవాబుదారీలము మనమే.