సున్నా దగ్గర నిలబడ్డవాడు

అరకు దారిలో, అనంతగిరి కొండల్లోని బొర్రా గుహల్లో పైకప్పు నుంచి నీటిబొట్టు జారుతుంది. పడిన చోట రవ్వంత సున్నం మిగులుస్తుంది. అలా పేరుకున్న రాళ్లలో ఒకదాన్ని శివలింగమని కొలుస్తారు. మేస్తున్న ఆవు పైనున్న కంతలోంచి లోపలికి పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి కనబడ్డ దేవుడని కథ. భూగర్భ శాస్త్రానికి అదే రాయి సున్నపు పేరుడు. పేర్లు ఎన్నైనా సత్యం ఒకటేనని చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. ఆ మాట అబద్ధం కాదు గానీ, చాలదు. ఎందుకు చాలదో 1978 నాటి ఇంటెల్ 8086 చిప్‌లో కనిపిస్తుంది.

ఆ చిప్‌కు చిరునామా తీగలు 20, రిజిస్టర్లు మాత్రం 16 బిట్లవి. పొట్టి రిజిస్టర్‌లో పొడుగు చిరునామా పట్టదు కనుక రెండు సంఖ్యలు కలిపారు: ఎక్కడ మొదలో చెప్పే సెగ్మెంట్, అక్కడి నుంచి ఎంత దూరమో చెప్పే ఆఫ్‌సెట్. సెగ్మెంట్ సంఖ్యను ఒక స్థానం ఎడమకు జరిపి, అంటే పదహారుతో హెచ్చవేసి, దానికి ఆఫ్‌సెట్ కూడాలి. పదహారు ఆధారపు (హెక్స్) లెక్కలో 1234:0005 కూడితే 12345 వస్తుంది. 1000:2345 కూడినా అదే. ఒక్క బైటుకు ఇలా 4,096 పేర్ల దాకా ఉండొచ్చు. అద్వైతికి ఇంతకంటే ఏం కావాలి! కానీ ఒక సెగ్మెంట్‌లో నిలబడితే అక్కడి నుంచి అందేది 64 కిలోబైట్లే. 1000లో నిలబడ్డవాడికి 11000 అందుతుంది, 22000 అందదు. 1234లో ఉన్నవాడికి సరిగ్గా తిరగబడుతుంది. ఇద్దరూ చూపించే బైటు ఒకటే, ఇరుగుపొరుగు వేరు. బొర్రాలోనూ అంతే. శాస్త్రం వైపు నుంచి గోస్తనీ నది, సున్నపురాయి, వేల ఏళ్ల కాలం అందుతాయి. శివుడి వైపు నుంచి శివరాత్రి, మొక్కు, తప్పిపోయిన ఆవు అందుతాయి.

అలాగైతే ఎవరేమన్నా నిజమేనా అంటారు. కాదు. కూడిక తప్పితే రాత వేరే బైటు మీద పడుతుంది, ఆ చిప్ హెచ్చరించదు కూడా. చిప్‌ను చూపి దేవుడి సంగతి తేల్చలేం, నిజమే; ఒకే వస్తువుకు పలు పేర్లుండీ ఏ పేరూ వృథా కాకపోవడం సాధ్యమేనని మాత్రం చూపగలం.

గట్టి ఆక్షేపణ వేరే ఉంది. 1985లో 80386 వచ్చాక సెగ్మెంట్ల గొడవ లేకుండా మెమరీ అంతా ఒకే మైదానంగా రాసుకునే వీలు దొరికింది. జ్ఞానం కూడా ఎదిగితే ఈ అడ్డుగోడలన్నీ దాటదా? కానీ ఆ మైదానంలో సెగ్మెంట్లు పోలేదు. అన్నిటి మొదలునూ సున్నాకు సర్దేశారు, అంతే. అలాగే, పాడేరులో కొలిచే మోదకొండమ్మ అమ్మవారు అసలు దుర్గేనని తేల్చేవాడూ, అసలు వట్టి నమ్మకమేనని కొట్టిపారేసేవాడూ తమకే మొదలూ లేదనుకుంటారు. వాళ్ల మొదలు సున్నా దగ్గర ఉంది, కూడినా లెక్కలో కనబడదు.